బ్యారక్‌లో పెత్తనం

న్యాయమూర్తి తీర్పులో శిక్ష ఎన్నేళ్లో రాస్తాడు. ఆ ఏళ్లలో ఎవరి బట్టలు ఎవరు ఉతకాలి, క్యాంటీన్‌లో కొన్న బిస్కెట్ ప్యాకెట్టు చివరికి ఎవరి చేతికి పోవాలి, రాత్రి ఫ్యాను కింద ఎవరు పడుకోవాలి, మరుగుదొడ్డి పక్కన ఎవరు పడుకోవాలి అన్నవి ఏ తీర్పులోనూ ఉండవు. అవన్నీ బ్యారక్‌లో తేలతాయి. వాటిని ఎవరు తేలుస్తారు, ఏ బలంతో తేలుస్తారు అన్నదే ఈ అధ్యాయం ఎత్తుకున్న ప్రశ్న. వయసొచ్చిన మగ ఖైదీల మధ్య నడిచే వేధింపు గురించి అడిగితే మామూలుగా వచ్చే జవాబు ఒకటుంది: దుర్మార్గులందరినీ ఒకచోట పెట్టి తాళం వేస్తే ఇంకేం జరుగుతుంది? ఈ జవాబును నమ్మినవాళ్లకు చేయవలసిన పనేమీ మిగలదు. కానీ గడిచిన అరవై డెబ్బై ఏళ్లలో అమెరికా, ఇంగ్లండు జైళ్లలో సమాజశాస్త్రజ్ఞులూ మనస్తత్వ శాస్త్రజ్ఞులూ పోగుచేసిన సాక్ష్యం దీన్ని నిలబెట్టదు. జైల్లో దాదాగిరికి పెట్టుబడి మూడు చోట్ల నుంచి వస్తుంది: అవసరమైన వస్తువుల కొరత నుంచి, ఆ కొరత పుట్టించే అప్పు నుంచి, చేతగాకో ఖర్చుకు వెనకాడో జైలు యంత్రాంగం కొందరు ఖైదీల చేతిలో పెట్టే అధికారం నుంచి. ఈ మూడింటినీ ముట్టుకోకుండా వేధించేవాణ్ణి మాత్రమే పట్టి శిక్షిస్తే, వాడి చోటులోకి ఇంకొకడు వస్తాడు.

వేధింపు మీద శాస్త్రీయ పరిశోధన మొదలైంది జైళ్లలో కాదు, బడుల్లో. స్వీడన్‌లో పుట్టి నార్వేలో స్థిరపడిన డాన్ ఓల్వేయస్ 1970లలో బడిపిల్లల మీద చేసిన అధ్యయనాలు దానికి పునాది. ఆయన చెప్పిన లక్షణాలు మూడు: బాధపెట్టాలన్న ఉద్దేశం ఉండాలి, అది పదేపదే జరగాలి, ఇద్దరి బలాల్లో తేడా ఉండాలి. బడికి సరిపోయిన ఈ కొలత జైలుకు సరిపోదు. బడిపిల్లవాడు సాయంత్రం ఇంటికి పోతాడు. ఖైదీకి సాయంత్రం లాకప్ పడుతుంది, తనను కొట్టినవాడితోనే తెల్లారేదాకా ఉండాలి. అలాంటి చోట ఒక్కసారి జరిగిన దాడి చాలు, రెండోసారి జరుగుతుందన్న భయమే మిగతా పని చేస్తుంది. ఇంగ్లండు జైళ్లలో ఈ విషయాన్ని దశాబ్దాలపాటు పరిశోధించిన జేన్ ఐర్లండ్ అందుకే ఓల్వేయస్ నిర్వచనాన్ని విస్తరించింది. తీవ్రమైన ఘటన ఒక్కటే అయినా, మళ్లీ జరుగుతుందని బాధితుడు భయపడుతుంటే దాన్ని వేధింపుగానే లెక్కించాలంది. బలాబలాల తేడా జైల్లో పైకి కనిపించకపోవచ్చు. కండబలం లేనివాడికి అప్పులిచ్చే స్తోమత ఉండవచ్చు, బయట పేరుమోసిన ముఠా అండ ఉండవచ్చు, లేదా వార్డర్ల దగ్గర పరపతి ఉండవచ్చు.

కొలిచే పద్ధతి కూడా మార్చవలసి వచ్చింది. 'నిన్నెవరైనా వేధిస్తున్నారా' అని మగ ఖైదీని సూటిగా అడిగితే లేదనే అంటాడు. ఔననడం అంటే తాను బలహీనుణ్ణని ఒప్పుకోవడం, ఆ మాట గోడలు దాటితే కొత్త వేధింపుకు తలుపు తీయడం. అందుకే ఐర్లండ్ ఆ మాటే ఎత్తని ప్రశ్నావళి తయారుచేసింది. గడిచిన వారంలో నీ తిండి ఎవరైనా లాక్కున్నారా, నీ గురించి పుకార్లు పుట్టించారా, నిన్ను గుంపులోంచి వెలివేశారా, నువ్వు ఇంకొకరిని అలా చేశావా అని ఒక్కో ప్రవర్తననూ విడిగా అడిగింది. పేరు రాయనక్కర్లేదు. 1999లో వెలువడిన ఆమె అధ్యయనంలో సగానికి పైగా ఖైదీలు వేధింపుకు గుర్తుగా నిలిచే ప్రవర్తన కనీసం ఒక్కటైనా ఆ వారంలో తమకు ఎదురైందన్నారు. అంతకు మూడేళ్ల ముందే ఇయన్ ఓడానెల్, కిమ్మెట్ ఎడ్గర్ బ్రిటిష్ హోంశాఖ కోసం చేసిన సర్వేలో గడిచిన నెలలో దాడికి గురయ్యామన్నవారు వయోజన ఖైదీల్లో 19 శాతం, యువ నేరస్థుల సంస్థల్లో 30 శాతం. ఈ అంకెలు అక్కడి జైలు రికార్డుల్లోని దాడుల సంఖ్యకు అందనంత ఎత్తులో ఉన్నాయి. ఫిర్యాదుల పుస్తకంలో పేజీలు ఖాళీగా ఉన్నంతమాత్రాన బ్యారక్ ప్రశాంతంగా ఉందనుకోవడం ఎంత పొరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది. మన దేశంలో చాలామంది అధికారులు చేసేది సరిగ్గా ఆ పొరపాటే.

ఈ సర్వేల్లోంచి బయటపడ్డ విషయాల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది వేరే ఉంది. ఐర్లండ్ ఖైదీలను నాలుగు వర్గాలుగా చూసింది: వేధించేవాళ్లు, వేధింపుకు గురయ్యేవాళ్లు, రెండూ అయినవాళ్లు, దేనిలోనూ లేనివాళ్లు. మూడో వర్గం చిన్నది కాదు. పైవాడి చేతిలో దెబ్బతిని కిందివాడి మీద పెత్తనం చేసే మనిషి జైల్లో అరుదైన మినహాయింపు కాదన్నమాట. ఎడ్గర్, ఓడానెల్ కూడా బాధితులూ దాడిచేసేవాళ్లూ చాలావరకు ఒకరిలో ఒకరు కలిసిపోయి ఉన్నారనే గమనించారు. కారణం ఊహించడం కష్టం కాదు. జైల్లో మెత్తనివాడన్న పేరు పడితే అందరూ మీదికొస్తారు. ఆ పేరు పడకుండా చూసుకోవడానికి అందరికన్నా సులువైన దారి తనకన్నా మెత్తనివాడి మీద నలుగురి ముందు చెయ్యి చేసుకోవడం. అప్పు తీర్చలేనివాడు మరొకడి సరుకు లాక్కుని తీరుస్తాడు. వేధించేవాడు ఒక రకం మనిషి, బాధితుడు ఇంకో రకం మనిషి అనుకుని తయారుచేసిన ఏ పథకమైనా ఈ మూడో వర్గం దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తుంది.

ఇప్పుడు కారణాల దగ్గరికి వద్దాం. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రపు ట్రెంటన్ జైలును దగ్గరగా చూసి గ్రెషమ్ సైక్స్ 1958లో ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. జైలు సమాజశాస్త్రానికి పునాది వేసిన పుస్తకాల్లో అదొకటి. ఖైదు మనిషి నుంచి ఐదు విషయాలు తీసేస్తుందన్నాడు సైక్స్: స్వేచ్ఛ, వస్తువులూ సేవలూ, ఆడవాళ్ల సాహచర్యం, తన పనులు తాను నిర్ణయించుకునే వీలు, భద్రత. ఆ లోట్లను తట్టుకోవడానికే ఖైదీల సమాజం తనదైన కట్టుబాట్లనూ పాత్రలనూ తయారుచేసుకుంటుంది. ట్రెంటన్‌లో కావలసినదాన్ని బలవంతంగా లాక్కునేవాణ్ణి 'గొరిల్లా' అనేవారు, తోటివాడి కొరతను సొమ్ము చేసుకునేవాణ్ణి 'వ్యాపారి' అనేవారు. ఖైదీల దృష్టిలో ఇద్దరూ నీచులే. అయినా ఇద్దరూ లేని బ్యారక్ లేదు. సైక్స్ చూసిన రెండో సంగతి దీనికన్నా లోతైనది. లెక్కకు గార్డు చేతిలో సర్వాధికారాలూ ఉంటాయి. కానీ వందలమందిని ప్రతి నిమిషం బలప్రయోగంతో నడపడం ఏ గార్డు వల్లా కాదు. తన వార్డులో గొడవలు లేవనిపించుకోవడానికి అతను పలుకుబడి ఉన్న ఖైదీలతో రాజీపడతాడు, చిన్నచిన్న ఉల్లంఘనలు చూసీచూడనట్టు పోతాడు. బదులుగా వాళ్లు మిగతావాళ్లను అదుపులో ఉంచుతారు. సైక్స్ దీన్ని గార్డుల అవినీతిగా చూడలేదు, సర్వాధికారంలోనే ఉన్న లోపమన్నాడు. ఆ మాట మన జైళ్ల వరకూ వర్తిస్తుంది.

వస్తువుల కొరత పెత్తనంగా ఎలా మారుతుందో ఇంగ్లండు జైళ్లలో బాగా కనిపిస్తుంది. అక్కడ చాలాకాలం పొగాకే డబ్బు. కొత్తగా వచ్చినవాడికి క్యాంటీన్ సరుకు చేతికందడానికి కొన్ని రోజులు పడుతుంది. ఈలోగా ఎవరో సానుభూతిగా ఒక పొట్లం పొగాకు అప్పిస్తారు. వారం తిరిగేసరికి రెండు ఇవ్వాలి. దీన్ని అక్కడ 'డబుల్ బబుల్' అంటారు. ఇవ్వలేకపోతే బాకీ మళ్లీ రెట్టింపవుతుంది. నాలుగు వారాల్లో ఒకటి పదహారవుతుంది, జైల్లో పనిచేసి సంపాదించే కూలి దాని దరిదాపులకు కూడా రాదు. అప్పుడు బాకీ వేరే రూపాల్లో వసూలవుతుంది: ఇంటివాళ్ల చేత బయట ఎవరి ఖాతాలోనో డబ్బు వేయించడం, నిషిద్ధ సరుకు దాచిపెట్టడం, ఫలానావాణ్ణి కొట్టి రమ్మనడం. 2017 నాటికి ఇంగ్లండులో ఓపెన్ జైళ్లు మినహా మిగతా జైళ్లన్నింటిలో పొగ తాగడం నిషేధించారు. అప్పటికే 'స్పైస్' అనే కృత్రిమ మత్తుపదార్థం వచ్చి కూర్చుంది. దాని అప్పులే హింసకు పెద్ద కారణమని అక్కడి జైళ్ల తనిఖీ అధికారులు నివేదిక తరవాత నివేదికలో రాశారు. అమెరికాలో మైకేల్ గిబ్సన్ లైట్ అనే పరిశోధకుడు 2016లో వెల్లడించిన అధ్యయనం ఇంకా కళ్లు తెరిపిస్తుంది. అతను చూసిన జైల్లో సిగరెట్ల స్థానాన్ని రామెన్ నూడుల్స్ ప్యాకెట్లు ఆక్రమించాయి. కారణం ఖైదీల అభిరుచి మారడం కాదు, జైలు పెట్టే తిండి పరిమాణంలోనూ నాణ్యతలోనూ తగ్గిపోవడం. కడుపు నిండనిచోట తిండే మారకద్రవ్యం అవుతుంది. ఒక వస్తువును నిషేధించినంతమాత్రాన అప్పుల వ్యాపారం ఆగదు, సరుకు మారుతుందంతే.

వయోజనుల్లో వేధింపు ఎందుకు కళ్లపడదో కూడా ఇక్కడే అర్థమవుతుంది. ఫిన్లాండ్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కాయ్ బ్యోర్క్‌విస్ట్ దూకుడు ప్రవర్తన గురించి ఒక సూత్రం చెప్పాడు. దాడిచేసేవాడు ఎదుటివాడికి ఎంత దెబ్బ తగులుతుంది, తనకు ఎంత ప్రమాదం అన్న రెండింటినీ బేరీజు వేసుకుంటాడు. వయసుతోపాటు మాటనేర్పూ లౌక్యమూ పెరిగేకొద్దీ, దొరక్కుండా దెబ్బకొట్టే దారులు ఎంచుకుంటాడు. జైల్లో నేరుగా కొడితే రెమిషన్ పోతుంది, ములాఖాత్ ఆగిపోతుంది, కొత్త కేసు పడుతుంది. అందుకే ముప్పై నలభై ఏళ్ల ఖైదీ గుద్దులకు దిగడం తక్కువ. 'వీడు పోలీసుల మనిషి' అని ఒక పుకారు వదులుతాడు. వాలీబాల్ ఆటలోకి రానివ్వడు, వరుసలో చోటివ్వడు, పక్కన కూర్చుని తిననివ్వడు. ఇన్ఫార్మర్ అన్న ముద్ర జైల్లో ప్రాణాంతకం, అది వేసినవాడి చేతికి మాత్రం రక్తం అంటదు. ఈ ముద్ర భయమే బాధితుడి నోరు కూడా కట్టేస్తుంది. ఫిర్యాదు చేస్తే తనను ఒంటరి గదికి మారుస్తారు, పనీ ములాఖాతులూ పోతాయి, బయటికొచ్చేసరికి ఇన్ఫార్మర్ అన్న పేరు ఎదురుచూస్తూ ఉంటుంది. అతని మౌనంలో పిరికితనమేమీ లేదు. తనముందున్న దారుల్లో నష్టం తక్కువున్నదాన్ని ఎంచుకున్నాడు.

ఈ వాదనకు మొదటి ఆక్షేపణ బలమైనదే. 1962లో జాన్ అర్విన్, డోనాల్డ్ క్రెసీ సైక్స్‌ను ఎదిరిస్తూ ఒక వ్యాసం రాశారు. ఖైదీల కట్టుబాట్లు జైల్లో పుట్టలేదు, వీధుల్లోంచీ దొంగల ప్రపంచంలోంచీ ఖైదీలు వెంట తెచ్చుకున్నవే అన్నారు. దీనికి సాక్ష్యం ఉంది. వయసు తక్కువున్నవాళ్లు, బయట హింసకు అలవాటుపడ్డవాళ్లు, ముఠాల్లో ఉన్నవాళ్లు జైల్లోనూ ఎక్కువగా దాడులు చేస్తారు. ఇంకా ఇబ్బందిపెట్టే సాక్ష్యం కాలిఫోర్నియా నుంచి వచ్చింది. స్కాట్ క్యాంప్, జెరాల్డ్ గేస్ 2005లో ప్రచురించిన ప్రయోగంలో ఒకే భద్రతా స్థాయికి తగిన 561 మంది ఖైదీల్లో కొందరిని లాటరీ పద్ధతిలో గట్టి భద్రత ఉన్న జైళ్లకూ, కొందరిని సడలింపు ఉన్న జైళ్లకూ పంపారు. రెండుచోట్లా క్రమశిక్షణ ఉల్లంఘనలు దాదాపు సమానం. అంటే పరిసరాల ప్రభావం ఏమీ లేదనా? నేను అలా చదవను. ఆ ప్రయోగం కొలిచింది కంచె ఎత్తునూ తాళాల సంఖ్యనూ. రెండు జైళ్లలోనూ క్యాంటీన్, అప్పులు, ముఠాలు, గార్డుల రాజీలు అవే కదా! పైగా అది లెక్కించింది రికార్డుకెక్కిన ఉల్లంఘనలను, పైన చెప్పుకున్న చాటుమాటు వేధింపు వాటిలో పడదు. ఇరుకు గురించి కూడా ఇదే జాగ్రత్త కావాలి. జైలు కిక్కిరిస్తే హింస పెరుగుతుందని అందరం అనుకుంటాం. ఫ్రాంక్లిన్ ఇంటిపేరున్న ఇద్దరు పరిశోధకులూ, ప్రాట్ అనే మరొకరూ 2006లో అప్పటివరకు జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే ఆ సంబంధం మొత్తమ్మీద బలహీనంగానే తేలింది, యువ ఖైదీల్లో మాత్రం కొంత కనిపించింది. కాబట్టి పరిసరాలు అన్న పెద్ద మాట వాడి ఊరుకుంటే చాలదు. పరిసరాల్లో ఏది అని అడగాలి. ఇరుకు ఒక్కటే మనిషిని దాదా చెయ్యదు, ఇరుకులో పడుకునే చోటును ఎవరు పంచుతారన్నది చేస్తుంది.

ఇక్కడ ఫిలిప్ జింబార్డో స్టాన్‌ఫర్డ్ ప్రయోగాన్ని ముందుకు తెచ్చేవాళ్లుంటారు. 1971లో విద్యార్థుల్ని గార్డులుగా, ఖైదీలుగా విడదీస్తే గార్డులు ఆరు రోజుల్లో క్రూరులైపోయారన్నది ప్రసిద్ధమైన కథ. నా వాదనకు అనుకూలంగా కనిపించినా నేను దాన్ని వాడుకోను. గార్డులు ఎలా నడుచుకోవాలో ముందే వాళ్లకు సూచనలు అందాయని తరవాతి పరిశీలనలో బయటపడింది. 2001లో అలెక్స్ హాస్లమ్, స్టీఫెన్ రైకర్ ఇంగ్లండులో చేసిన ప్రయోగంలో గార్డులు తమ పాత్రలో ఇమడలేక తడబడ్డారు. చొక్కా వేసుకోగానే మనిషి మారిపోడు. అసలైన జైళ్లలో అసలైన అధికారం చేతులు మారినప్పుడు ఏమైందో చూడాలి. దానికి టెక్సాస్ ఉంది.

టెక్సాస్ జైళ్లలో దశాబ్దాలపాటు 'బిల్డింగ్ టెండర్లు' అనేవాళ్లు ఉండేవారు. వాళ్లు ఖైదీలే. బ్యారక్‌ను అదుపులో ఉంచే పని వాళ్లది, బదులుగా మంచి గది, ఎక్కువ సౌకర్యాలు, ఆయుధం ఉంచుకున్నా అడిగేవారు లేకపోవడం. వాళ్లు కొట్టినా, దోచుకున్నా, లైంగికంగా హింసించినా గార్డులు అటు చూడరు. కొద్దిమంది సిబ్బందితో, తక్కువ ఖర్చుతో క్రమశిక్షణ గల జైళ్లు నడుపుతున్నామని అధికారులు గొప్పగా చెప్పుకునేవారు. డేవిడ్ రూయిజ్ అనే ఖైదీ 1972లో చేతిరాతతో ఫెడరల్ కోర్టుకు పిటిషన్ పెట్టాడు. సుదీర్ఘ విచారణ తరవాత 1980 డిసెంబరులో న్యాయమూర్తి విలియమ్ వేన్ జస్టిస్ ఆ జైలు వ్యవస్థ రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చాడు. తరవాతి రెండు మూడేళ్లలో బిల్డింగ్ టెండర్లను తొలగించారు. ఇక్కడే రెండో ఆక్షేపణ పుడుతుంది, టెక్సాస్ అధికారులు అప్పుడు గట్టిగానే వినిపించారు: 1984, 1985 రెండేళ్లలో ఆ జైళ్లలో 52 మంది ఖైదీలు తోటి ఖైదీల చేతుల్లో హతమయ్యారు. దాదాను తీసేస్తే అరాచకం వచ్చిపడింది కదా అని వాళ్ల ప్రశ్న. బెన్ క్రౌచ్, జేమ్స్ మార్క్వార్ట్ ఈ పరిణామాన్ని జైళ్ల లోపలి నుంచి చూసి రాశారు. వాళ్ల వర్ణన చదివితే జరిగింది తెలుస్తుంది. టెండర్లను వేగంగా తీసేశారు, వాళ్ల చోట నిలబడవలసిన గార్డులు తగినంతమంది లేరు, ఉన్న కొత్తవాళ్లకు అనుభవం లేదు. ఖాళీ అయిన సింహాసనం కోసం ముఠాలు కొట్టుకున్నాయి. ముఠా సభ్యులను వేరుచేసి, సిబ్బందిని పెంచాక హత్యలు బాగా తగ్గాయి. కాబట్టి 52 ప్రాణాల లెక్క బిల్డింగ్ టెండర్ల గొప్పతనానికి రుజువు కాదు. ప్రభుత్వం తన బాధ్యతను దశాబ్దాలపాటు ఖైదీల నెత్తిన పెట్టి, దాన్ని వెనక్కి తీసుకునే రోజుకు సిద్ధపడకపోవడానికి కట్టిన మూల్యం అది. ఖైదీల పెత్తనం కొంత ప్రశాంతత తెచ్చిన చోటూ ఉంది. బ్రెజిల్‌లో 1992లో కరందిరూ జైల్లో పోలీసులు 111 మంది ఖైదీలను చంపిన మరుసటి ఏడాది పుట్టిన పీసీసీ ముఠా సావో పాలో జైళ్లలో అత్యాచారాన్నీ ఇష్టారాజ్యపు హత్యలనూ నిషేధించింది. అక్కడ ఖైదీ బతుకు కొంత నిలకడగా ఉందన్నది నిజమే. కానీ ఆ రక్షణ పొందినవాడు విడుదలయ్యాక కూడా ముఠాకు బాకీపడే ఉంటాడు.

మన దేశంలో టెక్సాస్ పద్ధతికి పేరుతో సహా చట్టబద్ధమైన చోటుంది. 1894 నాటి ప్రిజన్స్ చట్టంలోని 23వ సెక్షన్ జైలు అధికారులుగా నియమించిన ఖైదీలను శిక్షాస్మృతి దృష్టిలో ప్రభుత్వోద్యోగులుగానే పరిగణించమంటుంది. కాన్విక్ట్ వార్డర్, కాన్విక్ట్ ఓవర్సీర్ అన్న పదవులు జైలు మాన్యువళ్లలోకి ఆ దారినే వచ్చాయి. వలస పాలకులకు జీతాల ఖర్చు మిగిలింది. స్వతంత్ర భారతంలో ఆ అవసరం తీరిపోలేదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు, చోటు మాత్రం 4,36,266 మందికే. వాళ్లలో 4,34,302 మంది, అంటే నూటికి 76 మంది దాకా విచారణలో ఉన్నవాళ్లే. సిబ్బంది పోస్టుల్లో దాదాపు మూడో వంతు ఖాళీ. రాత్రిపూట ఒక వార్డరు వందలమందిని చూడాల్సినచోట బ్యారక్ లోపలి పాలన ఎవరో ఒక ఖైదీ చేతికి పోక తప్పదు. అతను సాధారణంగా ఎక్కువ ఏళ్ల శిక్ష పడ్డవాడు, జైలు ఆనుపానులు తెలిసినవాడు. అతని కిందికి వచ్చేవాడు తరచూ మొదటిసారి రిమాండుకు వచ్చి, బెయిలు పూచీకత్తుకు మనిషి దొరకక ఉండిపోయినవాడు. ఇంటి నుంచి మనియార్డరు రాదు, ములాఖాత్‌కు ఎవరూ రారు. ఇంగ్లండులో పొగాకు చేసిన పని ఇక్కడ బీడీలు, సబ్బుబిళ్ల, ఇంటికి చేసే ఫోను చేస్తాయి.

దీనికి మన దగ్గర ఇంకో పొర ఉంది, పాశ్చాత్య పరిశోధనల్లో కనిపించనిది. ఎవరు వంట చెయ్యాలి, ఎవరు మరుగుదొడ్లు కడగాలి అన్నది అనేక రాష్ట్రాల జైలు మాన్యువళ్లు కులాన్నిబట్టి నిర్ణయిస్తూ వచ్చాయి. జర్నలిస్టు సుకన్య శాంత వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న ఆ నిబంధనలను కొట్టేసింది, ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమంది. తోటి ఖైదీ మీద పెత్తనానికి ప్రభుత్వ పుస్తకమే ఆధారం ఇచ్చినప్పుడు, బ్యారక్‌లో ఒకడు ఇంకొకడి చేత పాకీపని చేయించుకుంటే దాన్ని వేధింపని గుర్తించేవాళ్లెవరు? 130 ఏళ్లు అది క్రమశిక్షణ కిందే చలామణి అయింది.

నేరం చేసినవాడికి ఈ బాధ తగిన శాస్తేనన్న మూడో ఆక్షేపణను మర్యాదస్థులు పైకి అనకపోయినా మనసులో ఉంచుకుంటారు. మన జైళ్లలో నాలుగింట మూడొంతుల మందికి నేరం ఇంకా రుజువు కాలేదన్న సంగతి పక్కన పెడదాం. శిక్షపడ్డవాళ్లనే తీసుకుందాం. బ్యారక్ పెత్తనం ఎవరి మీద పడుతుంది? హత్యచేసి ముఠా అండతో వచ్చినవాడి మీద పడదు. బియ్యం బస్తా దొంగిలించినవాడి మీద, మతి స్థిమితం లేనివాడి మీద, భాష రానివాడి మీద, ముసలివాడి మీద పడుతుంది. నేరం ఎంత పెద్దదైతే బాధ అంత తక్కువయ్యే శిక్షను న్యాయం అనలేం. విశాఖపట్నం సెంట్రల్ జైల్లో ఉన్న నక్సలైట్ ఖైదీలు వేసిన కేసులో సుప్రీంకోర్టు 1974లోనే స్పష్టం చేసింది, శిక్షపడినంతమాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ పోవని. భువన్ మోహన్ పట్నాయక్ కేసుగా దాన్ని ఇప్పటికీ ఉదహరిస్తున్నారు. తిహార్‌లో మరణశిక్ష పడి ఉన్న సునీల్ బత్రా, ఒక వార్డరు డబ్బు కోసం మరో ఖైదీని చిత్రహింస పెట్టాడని రాసిన ఉత్తరాన్నే కోర్టు పిటిషన్‌గా తీసుకుంది. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులో ఖైదీ భద్రతకు రాజ్యమే పూచీ అని తేల్చాడు. ఇది దయకు సంబంధించిన విషయం కూడా కాదు. వేధింపుకూ ఆత్మహత్యకూ సంబంధం ఉందని ఇంగ్లండు, నెదర్లాండ్స్ పరిశోధనలు చూపాయి. 2022లో మన జైళ్లలో 119 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వాళ్లలో ఎంతమంది ఎవరికి బాకీపడి ఉన్నారో ఏ పట్టికలోనూ గడి లేదు.

మరి ఏం చెయ్యవచ్చు? ఇంగ్లండు 1993లో జైళ్లలో వేధింపును ఎదుర్కొనే విధానం ప్రకటించింది. తొలి ఏళ్లలో వేధించేవాళ్లను గుర్తించి, సౌకర్యాలు కోసి, కొన్నిచోట్ల ప్రత్యేక యూనిట్లలో పెట్టారు. అది పెద్దగా ఫలించలేదు, పైన చెప్పిన మూడో వర్గాన్ని అది చూడలేకపోయింది, దొరికినవాళ్లు కూడా తెలివి తక్కువవాళ్లే. క్రమంగా చూపు మనిషి మీద నుంచి పరిస్థితుల మీదికి మళ్లింది. సిబ్బంది బ్యారక్‌లో ఉండి ఖైదీలతో మాట్లాడుతూ పరిస్థితి పసిగట్టడాన్ని నార్వే జైళ్లు భద్రతకు పునాదిగా పెట్టుకున్నాయి. కేవలం సడలింపు మాత్రం చాలదు. 1980ల చివర ఇంగ్లండులో ఆల్బనీ, లాంగ్ లార్టిన్ అనే రెండు గట్టి భద్రతా జైళ్లను పోల్చి చూసిన స్పార్క్స్, బాటమ్స్, హే బృందానికి స్వేచ్ఛ ఎక్కువున్న లాంగ్ లార్టిన్‌లో సిబ్బందితో సంబంధాలు బాగున్నా, తెరచాటున ఖైదీల మధ్య తీవ్రమైన హింస నడుస్తున్నట్టు కనిపించింది. కట్టడి ఎక్కువున్న ఆల్బనీలో ఖైదీలు తమకు అన్యాయం జరుగుతోందనుకున్నారు. రెండింటి నుంచీ నేర్చుకోవలసింది ఉంది: సిబ్బంది దగ్గరగా ఉండాలి, ఉన్నవాళ్లు న్యాయంగా ఉండాలి.

మన జైళ్లకు ఖరీదైన పరికరాలు అక్కర్లేని పనులే చాలా ఉన్నాయి. వచ్చిన మొదటి రోజే కొత్త ఖైదీకి సబ్బు, దుప్పటి, ఇంటికి ఒక ఫోను ఉచితంగా ఇస్తే అప్పుకు మొదటి మెట్టే ఉండదు. పడుకునే చోటును సిబ్బందే కేటాయించి రిజిస్టరులో రాయాలి. ఫిర్యాదు చేసినవాణ్ణి కాదు, ఫిర్యాదు ఎవరి మీద వచ్చిందో వాణ్ణి మార్చాలి. అంతకుముందు ఏ నేరానికీ శిక్షపడని విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడో వంతు గడిపితే, మరణశిక్షో యావజ్జీవమో పడే నేరం కానప్పుడు, బాండు మీద విడుదల చెయ్యాలంటోంది భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 479వ సెక్షన్. దాన్ని పూర్తిగా అమలు చేస్తే బ్యారక్‌లో వేటకు దొరికేవాళ్ల సంఖ్యే తగ్గుతుంది. ఖాళీ పోస్టులు నింపడానికి డబ్బు కావాలి, నిజమే. టెక్సాస్ ఆ డబ్బు మిగుల్చుకుని ఎంత పోగొట్టుకుందో చూశాం. కాన్విక్ట్ అధికారుల పద్ధతిని ఎత్తెయ్యడం ఆ నియామకాలతో జతగానే జరగాలి, ముందు కాదు. వీటన్నిటికన్నా ముందు ఒక పని ఉంది. ప్రతి సెంట్రల్ జైల్లో ఏడాదికోసారి, పేరు అడగని, జైలు సిబ్బంది చేతుల మీదుగా పోని సర్వే జరగాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జైళ్ల శాఖలు విశ్వవిద్యాలయాల మనస్తత్వ శాస్త్ర విభాగాలతో కలిసి రాజమహేంద్రవరంలోనూ చర్లపల్లిలోనూ దాన్ని మొదలుపెట్టాలి. తెలుగు, ఉర్దూ, ఒడియా, హిందీ భాషల్లో ప్రశ్నలు తయారుచెయ్యాలి, చదువురానివాళ్లకు బయటివాళ్లు చదివి వినిపించాలి, ఫలితాలను శాసనసభ ముందు పెట్టాలి.